ఒకే రేకు

ఆరడుగులు పొడుగు, మూడడుగులు వెడల్పు.
మొదటిసారి సైకిలు క్యారియరుకు అడ్డంగా కట్టుకొచ్చాడు మస్తానయ్య.
పామూరు రోడ్డు పొడుగునా గాలి
రేకును పట్టి అతణ్ణి వెనక్కి లాగిందట.
"అక్షరాలు లావుగా రాయి బాషా,
బస్సులో కునికేవాడికి కూడా కనబడాల."

ఆకుపచ్చ నేలమీద పసుపు అక్షరాలు.
మస్తానయ్య పలకల కంపెనీ, కందుకూరు.
రాయి మార్కాపురంది, చట్రం ఇక్కడిది,
అప్పు వాళ్ళ మేనమామది.
రాసినందుకు నాకు అరడజను పలకలిచ్చాడు.
మా షాహీనా అ ఆలు దిద్దింది వాటిమీదే.
పిల్ల ఎక్కాలకొచ్చేసరికి
బడి మొత్తం నోటుబుక్కులు.
"చెరిపితే పోయేదాన్ని ఇంకెవురు కొంటారబ్బయ్యా"
అంటూ రేకు తెచ్చి నా గోడకు ఆనించాడు.

గోకొద్దన్నాడు. పైనే పూసెయ్యమన్నాడు.

ఎర్ర నేల. పొగాకు గ్రేడింగు షెడ్డు.
రెండేళ్ళు అతని చొక్కా, చేతులు,
నాకిచ్చిన పది రూపాయల నోట్లు కూడా
అదే ఘాటు.
మూడో ఏడు వేలంలో బేళ్ళు వరసగా పడుకున్నాయి.
అప్పడిగే చుట్టాన్ని దాటిపోయినట్టు
కొనేవాళ్ళు వాటిని దాటిపోయారు.
బ్యారన్ కర్ర ఒకటి నా దగ్గర మిగిలింది,
మా ఇంట్లో బట్టలారేసే తీగకు ఊతం.

తర్వాత నీలం. రొయ్య బొమ్మ కూడా వెయ్యమన్నాడు.
మీసాలు పొడుగ్గా వేశాను.
"ఇంకా పొడుగ్గా."
రామాయపట్నం పక్కన నాలుగు చెరువులు,
పాత అంబాసిడరు కారు,
కారు నెత్తిన రేకు.
ఒక తెల్లవారి నడిచొచ్చాడు.
తెల్లమచ్చ, అన్నాడు. మూడు రోజులు, అన్నాడు.
"తేలినవాటిని గంపలకెత్తుతుంటే
కాకులు కూడా వాలలేదు బాషా."
టీ తెప్పించాను. చల్లారిపోయింది.

ఆ పైన ఇల్లు నడిపింది వాళ్ళావిడ కోటమ్మ,
రెండు గేదెలతో, తెల్లారుజామున నాలుగింటికి లేచి.
ఆమె పేరుతో బోర్డు రాయమని
నన్నెవరూ అడగలేదు.
నాకూ తోచలేదు.

పదకొండేళ్ళు ఆ రేకు నా మేకలకు వానతెర.
రొయ్య మీసాలు మేకలు నాకాయి.

మళ్ళీ వచ్చాడు, జుట్టుకి రంగేసుకుని.
చీమకుర్తి గ్రానైటు, ముందు కమీషను, తర్వాత సొంతం.
నల్ల నేలమీద పళ్ళబ్రష్షుతో వెండిచుక్కలు చిమ్మాను,
రాయిలాగే ఉందని మురిసిపోయాడు.
రాళ్ళు ఓడెక్కాయి,
డబ్బు దిగలేదు.
మూల విరిగిన పలక ఒకటి నాకొదిలాడు.
ఇప్పటికీ రంగులు కలుపుకునేది దానిమీదే.

నిన్న ఆటోలో దిగాడు. చెయ్యి రొంత వణుకుతోంది.
"ఐసు ఫ్యాక్టరీ."
ఎవరి చెరువులకి, అన్నాను.
"ఎవురివైనా. రొయ్య పట్టినా ఐసే, మనిషి పోయినా ఐసే.
ఇందులో నష్టం యాడుంది?"
నవ్వుదామా వద్దా అని చూసి, ఇద్దరం నవ్వాం.

అడ్రసు కింద చేతి అలవాటుగా
ప్రకాశం జిల్లా అని మొదలుపెట్టాను.
"ఇప్పుడు నెల్లూరు గదా" అన్నాడు.
అవును.
అంగుళం కదలకుండానే
ఊరు కూడా బోర్డు మార్చుకుంది.

నా కొట్టుకు నాలుగు నెలల బాడుగ బాకీ.
ఎదురుగా ఫ్లెక్సీలవాడి మిషను గరగరమంటోంది.
అయినా న్యాయం చెప్పాలి కదా, అడిగాను:
అక్కడైతే గంటలో ఇస్తారు, సగం డబ్బులకి.
మస్తానయ్య అటువైపు చూడనైనా లేదు.
"దానిమీద మళ్ళీ రాయలేం గదబ్బా."

రంగు ఆరాక ఇద్దరం చెరోపక్క పట్టుకుని ఎత్తాం.
మొదటికంటే బరువుంది,
ఇనుమెంతో రంగెంతో.
ఆటోలోకి తోస్తుంటే మూల తగిలి
పెచ్చు లేచింది,
అట్టడుగున ఆకుపచ్చ.
బ్రష్షు కోసం వెనక్కి తిరిగాను.

"ఉండనీ" అన్నాడు.